అవతలి పక్క మాట

ఎం.ఏ. మొదటి సెమిస్టరులో నాలుగు సబ్జెక్టులు తప్పనిసరి, ఐదోది మన ఇష్టం. ఆ ఐదోదాని కింద పొలిటికల్ థియరీ ఒకటి, ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఒకటి చూపించి, రెండింటినీ టైంటేబుల్లో ఒకే వేళకు పెట్టారు. రెండూ చదవడానికి వీల్లేదు. ఆగస్టు సగం దాకా ఒకరోజు ఇందులో, ఒకరోజు అందులో కూర్చుని చూసుకోవచ్చు, ఆ తర్వాత ఒకదానికి సంతకం పెట్టాలి అని మా అడ్వైజరు కిరణ్మయి మేడమ్ చెప్పింది. రెండోది ఆమె పాఠమే. "తొందరేం లేదండి, రెండూ రుచి చూడండి" అంది, హోటల్లో కూరలు చూపించినట్టు.

అది 2013 జూలై. మేం మసీదుబండలో కిష్టమ్మ ఇంట్లో కింది వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. పై వాటాలో కిష్టమ్మ, ఆమె కొడుకు. మా నాయన ఈశ్వరయ్య హైటెక్ సిటీలో ఒక కంపెనీకి సుమో తిప్పేవాడు. మాది ప్రొద్దుటూరు. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదట, కాబట్టి ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు ఇంట్లో చెప్పడం నాకు అలవాటు. ఆ రోజూ చెప్పాను.

థియరీ అంటే ఏమిటని అడిగాడు నాయన. రాజ్యం ఎందుకుండాలి, ఎవరు ఎవరిని ఏ హక్కుతో పాలించాలి, ఒక ప్రాంతం వాళ్లు విడిపోతామంటే ఏ న్యాయం ప్రకారం అడగొచ్చు, ఏ న్యాయం ప్రకారం కాదనొచ్చు, ఇవన్నీ అని చెప్పాను. రెండోది దేశాలకూ దేశాలకూ మధ్య జరిగే వ్యవహారం అన్నాను. ఆయన అన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని వచ్చి తీర్పు చెప్పాడు.

"ఆ రెండోది సదువుకో మే. చైనా కత సదువుకో, పాకిస్తాన్ కత సదువుకో. వాళ్లెవురూ మనింటి మీదికి రారు. విడిపోయే కత నేను బండ్లో పొద్దస్తమానం ఇంటానే ఉండా. ఇంట్లో గూడా ఇనల్లంటే నా చేత కాదు."

"అది గొడవ కాదు నాయనా, సిద్ధాంతం."

"సిద్ధాంతం కాకపోతే మనుషులు కొట్టుకుంటారా?"

తన మాట కాదని థియరీ తీసుకుంటే చదువే మాన్పిస్తానన్నాడు. ఆయన బండి తిప్పే కంపెనీలో ట్రాన్స్‌పోర్టు డెస్కు అని ఒకటుంది. ఏ క్యాబు ఏ ఉద్యోగిని ఎక్కడ ఎక్కించుకోవాలో కంప్యూటర్లో చూసి డ్రైవర్లకు ఫోన్లు చేసే పని. అక్కడి సూపర్‌వైజరు వెంకటరమణతో మాట అయిపోయిందట, నేను ఊ అంటే చాలట. మా నాయన ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే మనిషి కాదు. నేను సరేనన్నాను. కాని సంతకానికి ఇంకా గడువుంది కాబట్టి థియరీ క్లాసులో కూడా కూర్చున్నాను.

ఆ క్లాసు రామ్మోహనరావు సార్‌ది. ఆయన ఏ ప్రాంతం మనిషో ఎవరికీ తెలియదు. తెలంగాణ పిల్లలు ఆయన్ని ఆంధ్రా సార్ అనేవాళ్లు, మావైపు వాళ్లు పక్కా తెలంగాణవాది అనేవాళ్లు. మొదటి క్లాసులోనే, ఒక రాష్ట్రాన్ని విడదీయమని అడిగే హక్కు ఉందనేవాళ్లు ఎవరు, లేదనేవాళ్లు ఎవరు అని చేతులెత్తించాడు. చేతులు చూసుకున్నాక మమ్మల్ని తారుమారు చేశాడు.

"మీరు నమ్మని మాటే మీరు చెప్పాలండి. అవతలి పక్క మనిషి చెయ్యెత్తి, ఔను, నేననేది ఇదే, అనేదాకా చెప్పాలి. తప్పు చెబితే అవతలివాళ్లు దిద్దొచ్చు. ఆ చెయ్యి లేచాకే మీ సొంత మాట."

నాకు జతగా పడినవాడు భిక్షపతి. జనగామ దగ్గరి ఊరు. ఉద్యమంలో తిరిగిన మనిషి. లాఠీ దెబ్బకు కుడిచేతి చూపుడు వేలు వంకరపోయి అలాగే ఉండిపోయింది. తెలంగాణ తరఫు మాట నేను చెప్పాలి, అతను చెయ్యెత్తాలి. మా తరఫు మాట అతను చెప్పాలి, నేను ఎత్తాలి. అతను నా వైపు చూడకుండా సార్‌తోనే అన్నాడు, "కిరాయికొచ్చినోళ్లు ఇంటోళ్ల బాధ జెప్తరా సార్?"

"నేను నిజంగానే కిరాయి ఇంట్లో ఉంటున్నాను" అన్నాను. "కిరాయి తప్పకుండా కడుతున్నాం." కొందరు నవ్వారు. అతను నవ్వలేదు.

నేను లైబ్రరీలో కూర్చుని చదివాను. యాభైఆరు నాటి ఒప్పందం, ముల్కీ నిబంధనలు, అరవైతొమ్మిది, ఆరు సూత్రాల పథకం, నీళ్ల వాటాలు, ఉద్యోగాల శాతాలు, అన్నీ వరసగా రాసుకుని, తడబడకుండా చెప్పాను. నాకు తెలిసినంతలో నిజాయితీగానే చెప్పాను. భిక్షపతి చెయ్యి బల్ల మీద నుంచి లేవలేదు. ఏమండీ, ఎక్కడ తప్పింది అని సార్ అడిగాడు.

"తప్పలే సార్. లెక్కలన్ని మంచిగనే జెప్పింది. గని మా బాధ జెప్పలే. మా మీద జాలి జెప్పింది."

తర్వాత అతని వంతు. లేచి, హైదరాబాదును కట్టింది మేము, పెట్టుబడులు పెట్టింది మేము, హైటెక్ సిటీ మా తెలివి, ఇప్పుడు మమ్మల్ని పొమ్మనడానికి మీరెవరు అని గడగడా చెప్పి కూర్చున్నాడు. మావైపు పిల్లలు బల్లలు చరిచారు. నేను చెయ్యెత్తలేదు. ఎందుకెత్తలేదో నాకే తెలియలేదు. పంతానికి ఎత్తలేదనుకున్నాడు భిక్షపతి. వచ్చే క్లాసులో మళ్లీ మొదలుపెట్టండి అన్నాడు సార్.

ఆ వచ్చే క్లాసు లోపల జూలై ముప్పై వచ్చింది.

ఢిల్లీలో తీర్మానం అయిపోయిందని సాయంత్రం టీవీలో చెప్పారు. కాసేపటికి మసీదుబండ అంతా టపాసులు. నాయన టీవీ కట్టేసి, చొక్కా విప్పకుండానే మంచం మీద కూర్చున్నాడు. కిష్టమ్మ స్టీలు డబ్బా నిండా లడ్డూలు పట్టుకుని కిందికి వచ్చింది. ఇన్నేళ్లలో పండక్కి ఏది వండినా ఆమె నేరుగా మా వంటింట్లోకి వచ్చి గట్టు మీద పెట్టి పోయేది. ఆ రోజు గడప బయటే నిలబడింది.

"తీస్కో గంగమ్మా. మాకు మంచిదినం."

మా అమ్మ చెయ్యి చాచింది. నాయన లోపలి నుంచే, మా ఇంట్లో ఎవురికీ పెళ్లి కాల్యా, ఆ డబ్బా ఎత్తుకుపొమ్మను అన్నాడు. కిష్టమ్మ డబ్బాను గడప మీద పెట్టి పైకి వెళ్లిపోయింది. నాయన లేచి దాన్ని తీసుకెళ్లి మెట్ల మీద పెట్టి వచ్చాడు. పై నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఆడనే ఉండనియ్. ఎవరిది ఏడుందో అందరికి తెలుస్తది."

ఆ డబ్బా ఆ మెట్టు మీదే ఉండిపోయింది. చీమలు పట్టాయి. ఎక్కుతూ దిగుతూ అందరం దాన్ని దాటి నడిచాం. మరునాటి నుంచి బోరు మోటారు స్విచ్చి వేసే వేళ మారింది. స్విచ్చి పై వాటాలో ఉంటుంది. మా కుళాయిలో నీళ్లు ఎప్పుడొస్తాయో కనిపెట్టుకుని అమ్మ బిందెలు పెట్టుకుని కూర్చునేది. నాయన మాత్రం వీధిలో నిలబడి, ఇంటి గోడకు వినపడేటట్టు, ఈ ఊరు నడిచేది ఎవురి డబ్బుతో అని పక్కింటాయనతో మాట్లాడేవాడు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు పలకడం మానేశారు.

భిక్షపతి మాట నన్ను వదల్లేదు. బాధ ఏదో, జాలి ఏదో పుస్తకంలో లేదు. ఒక సాయంత్రం మిద్దె మీద కిష్టమ్మ ఆరిన బట్టలు తీస్తుంటే పైకి వెళ్లాను. పెద్దమ్మా అని పిలిచాను. చిన్నప్పటి నుంచీ అలాగే పిలుస్తాను. ఆమె వెనక్కి తిరగలేదు.

"మీ నాయన పంపిండా?"

లేదన్నాను. క్లాసులో మీ తరఫున నేను మాట్లాడాల్సి వచ్చింది, మీకు ఎందుకు కావాలో మీ నోటితో చెప్పండి అన్నాను.

"మా దిక్కు మాట్లాడనీకె గూడ మీరే గావాల్నా?" అంది. నేను నిలబడే ఉన్నాను. రెండు చీరలు మడతపెట్టాక ఆమే మొదలుపెట్టింది. మిద్దె మీది నుంచి కనిపించే అద్దాల బిల్డింగు చూపించింది. అక్కడ వాళ్ల జొన్నచేను ఉండేదట. సర్కారు తీసుకుంది, ఇచ్చేది ఇచ్చింది, దాని గురించి తనకు పేచీ లేదంది. ఇప్పుడు ఆ బిల్డింగు గేటు దగ్గరే ఆమె కొడుకు యాదయ్య కాపలా ఉంటాడు.

"నౌకరి చిన్నదని గాదు బిడ్డ. లోపటికి వొయ్యెటోడు కారు ఆపి వాని మాట ఇంటడు. మళ్లొక్కసారి అను, అంటడు. పక్కనున్నోనికి సూపెట్టుకుంట నవ్వుతడు. మా చేన్ల నిలవడి మేం మాట్లాడితె నవ్వుడేంది? గది జెప్పు మీ సారుకు." బట్టల మూట చంకన పెట్టుకుని మెట్ల దాకా వెళ్లి ఆగింది. "మీ నాయన గూడ నవ్వుతుండె, కొత్తల. యాద్కున్నదా?"

గుర్తుంది.

శుక్రవారం పొద్దున వంటింట్లో అమ్మ ముందు నిలబడి అప్పజెప్పుకుంటున్నాను. లెక్కలన్నీ తీసేసి, గేటు దగ్గర నిలబడ్డ మనిషితో మొదలుపెట్టాను. మా మాటకు నవ్వేవాళ్లతో కలిసి ఉండమని ఏ న్యాయం చెబుతుంది అనే దాకా వచ్చేసరికి అమ్మ చేతిలో చపాతీ కర్ర ఆగింది. ఆమె నా వెనక ఎవరినో చూస్తోంది.

"ఎవురి మాట అది?" అన్నాడు నాయన.

పాప పరీక్షకు చదువుతాంది అని అమ్మ అడ్డం వచ్చింది. ఆయన వినలేదు.

"మనింట్లో నిలబడి మనల్నే పొమ్మంటాండావే. పైనుండే ఆమె చాలదా?"

నేను రూలు చెప్పబోయాను. మన పక్క మాట అవతలివాడొకడు చెబుతాడని, అవతలి పక్క మాట చెప్పాకే మన మాట చెప్పనిస్తారని చెప్పాను. పోనీ ఈ క్లాసు మానేసి చైనాకే సంతకం పెడతానని కూడా అన్నాను. ఇప్పుడు చైనా కూడా వద్దన్నాడు. యూనివర్సిటీయే వద్దన్నాడు. సోమవారం పొద్దున డెస్కుకు పోవల్ల, ఫోటోలు రెండు తీసిపెట్టుకో అని చెప్పి బండి తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. సంతకం గడువు ఆ మంగళవారంతో అయిపోతుంది. గొడవలతో వాయిదా పడ్డ మా క్లాసు సోమవారం.

శనివారం ఆయనకు కర్నూలు బాడుగ తగిలింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఉద్యమం ముదిరినప్పటి నుంచి సీమ డ్రైవర్లకు ఒక అలవాటు. నంబరు పలక మీద ఏపీ అన్న అక్షరాలపైన టీజీ అని స్టిక్కరు అంటించుకుని తిరిగేవాళ్లు, ఊళ్లో బందు రోజున అద్దం మీద రాయి పడకుండా. సీమకు పోయేటప్పుడు తుంగభద్ర వంతెనకు ముందు అలంపూర్ చౌరస్తాలో ఆగి, టీ తాగి, ఆ స్టిక్కరు పీకి సీటు కింద పెట్టుకునేవాళ్లు. వచ్చేటప్పుడు మళ్లీ అక్కడే ఆగి అంటించుకునేవాళ్లు. నాయనకు అది టీ తాగినంత మామూలు పని. ఆ రోజు చౌరస్తాలో టీ తాగుతుండగా వెంకటరమణ నుంచి ఫోను వచ్చింది. నేను సోమవారం ఎన్నింటికి రావాలి, ఏ సర్టిఫికెట్లు తేవాలి అని అవతల అతను చెబుతుంటే, ఊకొడుతూనే బండెక్కి వంతెన దాటేశాడు.

అవతల టైర్లు తగలబడుతున్నాయి. సమైక్యాంధ్ర జెండాలతో రోడ్డు నిండా జనం. ముందు వాళ్లు చూసింది పలకనే.

ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. సుమోకు ముందు అద్దం లేదు. ఎడమ మోచేతికి కట్టు. స్టిక్కరును గోళ్లతో గీకి పెరికితే కింది పెయింటు కూడా ఊడి వచ్చినట్టుంది, పలక మీద అక్షరాల చోటు తెల్లగా ఉంది. అమ్మ నీళ్లు తెచ్చిచ్చింది. ఆయన గటగటా తాగలేదు, గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. నేను మనోన్నేనప్పా, ప్రొద్దుటూరు అని చెప్పాడట. ప్రొద్దుటూరోనికి ఈ బిళ్ల ఏంది అన్నారట. ఆపమని చేతులెత్తి బతిమాలాడట.

"జర ఆగండప్పా, జర ఇనండి, అంటి. నోటికి అట్లే వచ్చె. ఒకడు ఇంకోన్ని పిలిచి, జర అంట రేయ్, ఇంకోసారి అనమను, అనె." గ్లాసు కింద పెట్టాడు. "అద్దం పోతే పాయ. నా మాటకు నవ్వినారు మే."

శుక్రవారం వంటింట్లో నేనన్న మాట ఆయనకు గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. అడగలేదు.

నాయన చెయ్యి కడుక్కోవడానికి వాకిట్లోకి వెళ్లినప్పుడు కిష్టమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. బండినీ, కట్టునూ చూసింది. ఇన్నాళ్ల తర్వాత ఆయన్ని పేరు పెట్టి పిలిచింది.

"ఆడ గూడ నీది గాదన్నరా, ఈశ్వరయ్యా?"

అందులో దయ ఏమీ లేదు. ఆయన కుళాయి తిప్పాడు. నీళ్లు రాలేదు.

సోమవారం పొద్దున డెస్కుకు పోవడానికి తయారై, రెండు ఫోటోలు కవర్లో పెట్టుకుని బయటికి వచ్చాను. నాయన సుమో ముందు సీట్ల సందుల్లో ఇరుక్కున్న గాజు పెంకులు చీపురుతో తీస్తున్నాడు. అద్దం చోట ప్లాస్టిక్ పట్టా కట్టి ఉంది, చూడటానికి మధ్యలో ఒక కంత. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆ క్లాసులో మన పక్క చెప్పేటోడు ఎవుడో ఉండాడంటివే. ఏం చెప్పినాడు?"

చెప్పాను. హైదరాబాదును మేమే కట్టినాం, హైటెక్ సిటీ మా తెలివి.

"నువ్వు చెయ్యెత్తితివా?"

"లేదు."

"ఎందుకెత్తల్యా?"

"అది మన మాట కాదనిపించింది. మన మాట ఏదో నాకు తెలియలేదు."

ఆయన చాలాసేపు చీపురుతోనే మాట్లాడుతున్నట్టు ఊడ్చాడు. పెంకులు చేటలోకి ఎత్తి, నడుము పట్టుకుని నిలబడ్డాడు.

"కట్టినోళ్లు వేరే మే. నేనేం కట్టినా? వచ్చినా, బండి తోలినా, ఈడ ఉండినా. అంతే. నా నాలుక గూడా ఈడిదైపాయ. ఇప్పుడు పొమ్మంటే ఏ ఊరికని పోవల్ల? అది చెప్పమను వాన్ని. కట్టినామని గొప్పలు చెప్పొద్దను." చేట గోడవారగా పెట్టాడు. "ఎన్నింటికి క్లాసు?"

పదకొండుకన్నాను. ఎక్కమన్నాడు. దారిలో ఫోను మోగింది, వెంకటరమణ. నాయన చూసి, మోగనిచ్చాడు. పట్టా గాలికి టపటపా కొట్టుకుంటుంటే ఇద్దరం యూనివర్సిటీ గేటు దాకా వెళ్లాం.

క్లాసులో ముందు నా వంతు. ఈసారి కాగితం తీయలేదు. గేటు దగ్గర కాపలా ఉన్న మనిషి గురించి, అతని మాట మళ్లీ అనిపించుకుని నవ్వినవాళ్ల గురించి చెప్పాను. ఆ గేటు అతని చేనులోనే ఉందని చెప్పాను. భిక్షపతి బల్ల వైపు చూస్తూ విన్నాడు. నేను ముగించాక చెయ్యెత్తాడు. వంకర వేలు పక్కకు తిరిగి ఉంది. అతని ముఖంలో స్నేహం లేదు.

అతని వంతు వచ్చేసరికి మళ్లీ హైటెక్ సిటీ కట్టడం మొదలుపెట్టాడు. అది కాదని ఆపాను. రూలు ప్రకారం దిద్దొచ్చు కదా. నాయన వాకిట్లో చెప్పింది ఉన్నదున్నట్టు చెప్పాను. అతను నన్ను అనుమానంగా చూశాడు, ఇది కొత్త ఎత్తుగడేమో అన్నట్టు. తర్వాత కిటికీ వైపు తిరిగి, ఒక్కో ముక్క కూడబలుక్కుంటూ, తన యాసలోనే చెప్పాడు.

"నేనేం కట్టలే. వచ్చిన. బండి తోలిన. ఈడనే ఉన్న. నా నాలిక గూడ ఈడిదే అయింది. ఇప్పుడు పొమ్మంటె ఏ ఊరికి వోవాలె?"

నేను చెయ్యెత్తాను.

వరండాలో అతను నన్ను దాటి పోతూ ఆగి, "చెయ్యెత్తిన గని ఒప్పుకోలే" అన్నాడు.

"నేను కూడా ఒప్పుకోలేదు."

"గట్లనే ఉండు" అని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే థియరీకి సంతకం పెట్టాను. కిరణ్మయి మేడమ్ నా కాగితం చూసి కళ్లజోడు సర్దుకుంది. "సరేలెండి, చైనా ఎక్కడికీ పోదు. వచ్చే ఏడు తీసుకుందురుగాని" అంది. ఇంట్లో చెబితే నాయన పలక మీద అక్షరాలు రాయించడానికి పెయింటరు దగ్గరికి పోయాడు. ఏం రాయాలన్నా అని పెయింటరు అడిగితే, ఆర్సీలో ఉండేది రాయి అన్నాడట.

కొడుకు పెళ్లి అని చెప్పి కిష్టమ్మ దసరా లోపల మమ్మల్ని ఖాళీ చెయ్యమంది. పెళ్లి కుదరలేదని వీధిలో అందరికీ తెలుసు. కూకట్‌పల్లిలో ఇల్లు చూసుకున్నాం. సామాను ఎక్కించిన రోజు అమ్మ మెట్టు మీది స్టీలు డబ్బా తీసి, తోమి, తుడిచింది. ఒకరి గిన్నెను ఖాళీగా తిరిగివ్వడం మా ఇంట్లో లేదు. అందులో చక్కెర పోసి నాయన చేతికిచ్చింది. ఆయన పైకి వెళ్లడానికి నాలుగు మెట్లు ఎక్కి ఆగాడు. కిష్టమ్మ నాలుగు మెట్లు దిగి, డబ్బా అందుకుని, మూత తీసి చూసింది. కిందికొచ్చి, ఆటోలో పైనే ఉన్న మా బిందెలోకి ఆ చక్కెరంతా ఒంపేసింది.

"డబ్బ నాది. చక్కెర మీది" అని పైకి వెళ్లిపోయింది.

సామాను ఆటో వెనకాలే సుమోలో వెళ్తున్నాం. అమ్మ వెనక సీట్లో, ఆటోలోంచి తెచ్చిపెట్టుకున్న బిందెలో చెయ్యి పెట్టి, అడుగున ఉన్న చక్కెర ఎత్తుకుంటోంది. కొత్తగూడ చౌరస్తా దాటాక నాయన నోరు విప్పాడు.

"డబ్బా నాది, చక్కెర మీది, అనె. బలే అనె ఆమె." వెనక్కి ఒకసారి బిందె వైపు చూశాడు. "ఇది నీ రెండు సబ్జెక్టుల్లో దేంట్లోకి వస్తాది మే?"

"రెండింట్లోకీ వస్తుంది నాయనా."

"ఒకటే కదా ఇచ్చినారు నీకు" అని, ఆయన గేరు మార్చాడు.